డప్పు ఆగిన చోట

కథల్లో అమ్మాయి అబ్బాయిని ముందు ఓరకంట చూస్తుంది. వనిత మాత్రం దివాకర్‌ను కాలర్ పట్టుకుని చూసింది.

సకల జనుల సమ్మె రోజులవి. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాయి. బస్సులు డిపోలు దాటలేదు. బడులకు తాళాలు పడ్డాయి. రోడ్ల మీద కదిలేవి ఊరేగింపులే. ఆ రోజు పాత బస్టాండు దగ్గర ముందు వరసలో డప్పు కొడుతున్నది వనిత తండ్రి నర్సయ్య. ఆయన కొడుతుంటే మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా అడుగు కలుపుతారు. వనిత ప్లకార్డు పట్టుకుని తండ్రి పక్కనే నడుస్తోంది. వాన వచ్చేలా ఉంది కానీ రావడం లేదు.

రోడ్డు పక్కన గుడ్డ తాన్లు నింపుకున్న ట్రాలీ ఆటో ఒకటి ఊరేగింపుకు దారిచ్చి ఆగి ఉంది. అందులోంచి ఒక యువకుడు దిగాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. నేరుగా జనంలోకి వచ్చి నర్సయ్య డప్పు మీద రెండు చేతులూ పెట్టి అదిమేశాడు. చేతిలోని పుల్ల గుంజుకుని విసిరేశాడు.

"ఏందయ్యా నువ్వు చేసింది?" వనిత ప్లకార్డు పడేసి అతని కాలర్ అందుకుంది.

"ఆపుమను," అన్నాడతను.

"ఎవ్వలని ఆపుమంటున్నవ్? మీ ఇండ్లల్ల పెండ్లికి మా డప్పు కావాలె, చావుకు మా డప్పు కావాలె. మా అంతట మేం కొట్టుకుంటె చెవులు నొస్తున్నయా?"

అతని ముఖమంతా చెమట. కాలర్ విడిపించుకుని ఆటో దాకా పోయి, టైరుకు ఆనుకుని కూలబడ్డాడు. తాగాడన్నారు కొందరు. "కోరుట్ల గౌండ్లోళ్ల పోరడు. బట్టల దుకాన్ల పని చేస్తడు," అన్నారు ఇంకెవరో. ఆ మాటతో వనితకు అంతా అర్థమైపోయింది, లేదా అర్థమైపోయిందని అనుకుంది. కులం బలుపు, ఇంకేముంటుంది?

నర్సయ్య పుల్ల ఏరుకున్నాడు కానీ మళ్లీ కొట్టలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టకుండానే లేచిపోయాడు. అది చూశాక వనిత కోపం ముదిరి పాకాన పడింది.

వనిత సైకాలజీలో ఎం.ఏ. చేసి, జగిత్యాలలో రాధమ్మ మేడం నడిపే కౌన్సెలింగ్ సెంటర్లో పని నేర్చుకుంటోంది. రాధమ్మ మేడం యాభై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్లు ఏడిస్తే కంగారుపడదు. "మందులు కావాల్సినోళ్లను డాక్టర్ దగ్గరికి తోలుత. మాటలు కావాల్సినోళ్లను నా దగ్గర ఉంచుకుంట," అంటుంది.

మరుసటి వారం ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని సెంటర్‌కు వచ్చాడు.

"పేరు?" అంటూ వనిత తలెత్తింది. ఎదురుగా ఆ తెల్ల చొక్కా.

"పోదాం పా బాపు," అన్నాడు దివాకర్. "మొన్న నా అంగి గుండీ తెంపింది ఈమెనే."

"గుండీతోని ఆగిన. సంతోషపడు," అంది వనిత.

పెద్దాయన సారయ్య. తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. పాదాల మీద మోకుతాడు రాసుకున్న కాయలు ఉన్నాయి. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరి నడుమ ఏమైందో నాకు తెల్వది బిడ్డా. ఎండకాలం ముంగట సంది వీడు మనిషి లెక్క లేడు. నెలలకు నెలలు నోట మాట లేకుండె. గాలి సోకిందంటె వేములవాడ తీస్కపోయిన, ధర్మపురి తీస్కపోయిన. ఈడ మాటలతోని నయం జేస్తరని ఎవ్వలో చెప్తె అచ్చిన. పంపియ్యకు."

ఆ చివరి మాటకు వనిత పెన్ను కింద పెట్టి లేచింది. లోపలికి వెళ్లి మేడంతో చెప్పింది. "ఈ కేసుల నేను కూసోను మేడం. మా బాపు డప్పు ఆపినోడు గీయననే."

రాధమ్మ మేడం కళ్లజోడు తుడుచుకుంది. "ఒక్కపారి కూసొని ఇను. ఇన్నంక కూడ కోపం ఉంటె లేచిపో. నేనేమనను."

వనిత గదిలో ఉండటం ఇష్టమేనా అని దివాకర్‌ను కూడా అడిగింది మేడం. అతను వనిత వైపు చూశాడు. "ఉండనియ్యుండ్రి. నా మీద కోపం ఉన్నోళ్లు నాకు అబద్ధం చెప్పరు."

అప్పుడు చెప్పాడు. జలపతి అతని చిన్ననాటి దోస్తు. ఫిబ్రవరిలో కోరుట్ల అవతల రాస్తారోకో జరిగింది. డప్పులు మోగుతున్నాయి, ఇద్దరూ ముందు నిలబడి ఆడుతున్నారు. వెనక నుంచి బ్రేకులు పడని లారీ వచ్చింది. ఆ మోతలో హారన్ ఎవరికీ వినబడలేదు. చివరి క్షణంలో దివాకర్ చూసి జలపతి చేయి పట్టి గుంజాడు. చేతులు చెమటతో ఉన్నాయి. జలపతి చేయి నిలవలేదు.

"జారిందంటున్నరు అందరు. నేనే ఇడిచిన మేడం."

జలపతి తల్లి ఎల్లవ్వకు భర్త లేడు, ఉన్నది ఒక్క కొడుకు. అందుకని పాడె ముందు కొమ్ము దివాకర్ భుజానికెత్తుకున్నాడు. దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, డప్పు ఆపించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఉంటే లేస్తారేమోనన్న ఆఖరి ఆశ. పిలవాల్సింది దివాకరే. కానీ అక్కడిదాకా పోలేకపోయాడు. మధ్యలోనే పాడె ఇంకొకరి భుజాన పెట్టి పొలాలకడ్డంపడి పారిపోయాడు.

"అప్పటి సంది డప్పు ఇంటె లారీ అస్తున్నట్టె అనిపిస్తది. మొన్న సిరిసిల్లల గదే. డప్పు ఆగకుంటె ఎవ్వలో సచ్చిపోతరు అనిపించింది. ఎవ్వల డప్పో, కొట్టెటోడు ఎవ్వలో నేను చూడలె."

"ఇప్పుడు నీకేం కావాలె దివాకర్?" అని అడిగింది మేడం.

"ఫిబ్రవరిల జలపతి పోయి ఏడాదైతది. ఆ దినం ఎల్లవ్వ డప్పు పెట్టిస్తది. నేను ఆడ నిలబడాలె. పారిపోవద్దు. గంతే."

వనిత లేచిపోలేదు. తలెత్తి అతని ముఖం చూడటానికి మాత్రం చాలాసేపు పట్టింది. అంత సిగ్గు ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

ముసురు పట్టింది. దివాకర్ వారం వారం కోరుట్ల నుంచి తడుస్తూ వచ్చేవాడు. రాధమ్మ మేడం ఒకే పద్ధతిని పట్టుకుని వేలాడే మనిషి కాదు. ముందు ఊపిరి నిమ్మళించడం నేర్పింది. తర్వాత కళ్లు మూసుకుని ఆ రోజంతా మళ్లీ మళ్లీ చెప్పించింది. మొదట్లో లారీ దగ్గరికొచ్చేసరికి కళ్లు తెరిచి లేచిపోయేవాడు. పోను పోను చివరిదాకా చెప్పగలిగాడు. ఇంకోరోజు, జరిగింది తలచుకుంటూ తన వేలు ఎటు కదిలితే అటు చూడమంది.

"కండ్లు అటిటు తిప్పితె బాధ పోతదా మేడం? గట్లయితె కోరుట్ల బస్టాండ్ల పోరగాండ్లకు ఒక్కనికి బాధ ఉండొద్దు."

వనిత ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను చూశాడు. చూశాడని ఆమె కూడా చూసింది. మేడం ఇద్దరినీ చూసింది కానీ పైకి ఏమీ అనలేదు.

"ఇడిచిన" అన్న మాట దగ్గర మేడం అతన్ని చాలాసార్లు ఆపింది. "ఆ దినం గాడ మస్తు మంది ఉన్నరు. జలపతి చేయి పట్టుకున్నది ఎవ్వలు?"

"నేనే."

"ఇడిచిపెట్టెటోడు లారీకి ఎదురువోయి పట్టుకుంటడా?"

దివాకర్ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వనిత కిటికీ వైపు తిరిగి వానను చూసింది. ఆ వయసు మగపిల్లవాడు అట్లా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒక్కచోట మాత్రం బండి కదల్లేదు. మేడం ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, జలపతి అందులో ఉన్నాడనుకుని మాట్లాడమంది. దివాకర్ దాని వైపు చూశాడు. "కుర్చి కుర్చి లెక్కనే కనబడుతుంది మేడం," అని లేచి వరండాలోకి పోయాడు.

వాన జోరుగా ఉంది. వనిత చాయ్ తెచ్చి ఇచ్చింది. "గుండీ కుట్టిచ్చుకోకపోయిన్రా ఇంక?"

"కుట్టిస్తె మీరు తెంపిన సంగతి మర్సిపోత కద."

"మర్సిపోతె మంచిదే. తప్పు నాది."

"ఉండనియ్యుండ్రి మేడం. మీ బాపు డప్పు మీద చేయి ఏసిన తప్పు నాది. చెల్లుకు చెల్లు."

ఆమె కుర్చీ ఉన్న గది వైపు చూసి అడిగింది. "జలపతిని పేరు పెట్టి పిలుస్తలేరు ఎందుకు?"

"దింపుడు కళ్లంల పిలువాల్సిన పేరు. ఈడ కుర్చీల కూసోబెట్టి పిలిస్తె ఎట్ల?"

వనిత ఖాళీ గ్లాసు అందుకుంది. చావు డప్పు ఎక్కడ ఆగాలో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. డప్పు ఆగాకే పిలుపు. ఇతను డప్పు ఆగకముందే పారిపోయాడు. అందుకే ఇతని చెవుల్లో అది ఇంకా మోగుతూనే ఉంది. లోపలికి వెళ్లి ఆ మాటే మేడంతో చెప్పింది. మేడం ఫైలు మూసింది.

"మరి ఆయనకు డప్పు కావాలె. ఫోన్ల రికార్డు కాదు, నిజమైన డప్పు. దూరం నుంచి మొదలువెట్టి దగ్గరికి తేవాలె. ఎప్పుడు ఆగాల్నో ఆయననే చెప్పాలె," అంది.

అట్లా దివాకర్ సిరిసిల్లకు వచ్చి నర్సయ్య గడప ముందు నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమన్నాడు.

నర్సయ్య వెంటనే కరిగిపోలేదు. "నాకు కోపమే ఉండె. నా డప్పు మీద ఇంకొకని చేయి పడుడు నా బతుకుల గదే మొదలు. రెండొద్దులు అన్నం తినబుద్ధి కాలె," అన్నాడు. తర్వాత అతని ముఖంలోకి చూశాడు. "దోస్తు పేరేందన్నవ్?"

"జలపతి, కాకా."

"పా. చెల్కకు పోదాం."

ఊరవతలి చెలకలో నర్సయ్య ఆ చివర నిలబడి కొట్టాడు. ఈ చివర మేడం, వనిత, దివాకర్. అతను చేయెత్తితే డప్పు ఆగాలి. అదే షరతు. మొదటిరోజు పుల్ల తగలకముందే చేయెత్తేశాడు. నర్సయ్య ఆపాడు. మరోరోజు కొంచెం ఆగి ఎత్తాడు. వారాలు గడిచేకొద్దీ నర్సయ్య చెలక మధ్యకు వచ్చాడు, ఆపైన పక్కకే వచ్చాడు. దివాకర్ వణికాడు, చెమటలు కక్కాడు, కూలబడ్డాడు. కానీ తను చేయెత్తితే మోత ఆగుతుందని నమ్మకం కుదిరాక చేయెత్తడం తగ్గింది.

"ఏడాది నాడు మీరే రావాలె కాకా," అన్నాడు ఒకరోజు.

"అస్త," అని మాటిచ్చాడు నర్సయ్య.

ఆ రోజే, మేడం ముందు నడుస్తుంటే, దివాకర్ వెనకబడి వనితతో అన్నాడు. "వనితా, నాకు నువ్వంటె ఇష్టం."

మేడం అనే పిలుపు ఎగిరిపోయింది. అది వనిత గమనించింది. కానీ చదువుకున్న చదువు ముందుకొచ్చింది. "గది ఇష్టం కాదు. బాధల ఎవ్వలు తోడుంటె వాళ్ల మీదికి మనసు పోతది. పేషెంట్లందరికి గట్లనే అనిపిస్తది. మా పుస్తకంల ఉన్నది."

"నా మనసుల మాట మీ పుస్తకంల ముందే రాసి పెట్టిన్రా?"

ఆమె నడక వేగం పెంచింది. అతని మనసు సంగతి పుస్తకంలో ఉంది సరే, తన మనసు సంగతి ఏ పుస్తకంలో చూసుకోవాలి? అతను రాని వారాలు తనకెందుకు తోచడం లేదు? మర్నాడు అంతా రాధమ్మ మేడంతో చెప్పేసింది. దాచడం ఆమెకు చేతకాదు.

మేడం కోప్పడలేదు. "మనసు పడుడు తప్పు కాదు. కాని ఆ గదిల ఆయన మనసొక్కటే ఉండాలె. నీది కూడ వచ్చి కూసుంటె ఆయనకు జాగ ఉండదు. ఇంక నువ్వు ఆ గదిలకు రాకు. కారణం ఆయనకు చెప్పకు. ఇప్పుడు చెప్తె ఏడాది దినం మీది ధ్యాస నీ మీదికి మల్లుతది."

వనిత ఒప్పుకుంది. అతన్ని ప్రేమిస్తున్నందుకే అతని ఎదుట పడకూడదు. ఇంతకంటే కష్టమైన పని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తర్వాతి వారం దివాకర్ వచ్చాడు. "వనిత లేదా?" అని అడిగాడు. "ఇంక రాదు," అంది మేడం. కారణం అడగకుండానే, అనకూడనిది అన్నానని, గౌండ్ల పోరడి ఇష్టాన్ని ఆమె నమ్మలేదని అనుకున్నాడు. ఆ వారంతో రావడం మానేశాడు. మేడం ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోరుట్ల నుంచి సారయ్య మాట్లాడాడు. "మళ్ల మూలకు కూసున్నడమ్మా," అన్నాడు.

వనిత ఆ మాట విని కుమిలిపోయింది. నియమం పాటించి అతన్ని మళ్లీ ఆ మూలలోకి తోసేశానా అని పదే పదే తనను తాను ప్రశ్నించుకుంది.

ఫిబ్రవరి వచ్చింది. నర్సయ్య డప్పు మంట మీద కాచుకుంటుంటే వనిత అడిగింది. "ఆయన రాడేమో బాపు. మనం పోవాల్నా?"

"మాటిచ్చింది నేను. ఆయన అచ్చినా రాకున్నా నేను పోవాలె. నువ్వు అస్తె రా."

కోరుట్ల దగ్గర జలపతి పల్లెలో ఎల్లవ్వ ఇంటి ముందు జనం చేరారు. దివాకర్ లేడు. "నా కొడుకు పోయినప్పుడు పారిపోయిండు. ఇప్పుడు రాలె. వాడు కూడ పోయినట్టే నాకు," అంది ఎల్లవ్వ. జనం సమాధి వైపు కదిలితే వనిత ఆమె పక్కనే నడిచింది. ఆ తల్లి చేయి పట్టుకుంది. నర్సయ్య ముందు నడుస్తూ కొడుతున్నాడు. చావునాడు కొట్టే దరువే అది.

దింపుడు కళ్లం దగ్గర దారి మధ్యలో దివాకర్ నిలబడి ఉన్నాడు.

ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మనిషి కొమ్మలా ఊగిపోతున్నాడు. డప్పు దగ్గరికి వచ్చింది. అతను పారిపోలేదు. పక్కకు జరగలేదు. డప్పు అతని ఎదురుగా వచ్చాక చేయెత్తాడు.

నర్సయ్య పుల్ల ఆగింది. జనం గుసగుసలాడారు. ఎల్లవ్వ అతన్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

దివాకర్ నేల మీద మోకాళ్లూనాడు. ఏడాది కింద పాడె దించిన చోట మట్టికి ముఖం ఆనించాడు.

"జలపతీ," అని పిలిచాడు. మొదటిసారి గొంతు పైకి రాలేదు. రెండోసారి వచ్చింది. మూడోసారి ఊరంతా విన్నది.

లేచేవాళ్లు ఎవరూ లేరు. అది అక్కడున్న అందరికీ తెలుసు. అతనికీ తెలిసింది, ఆ ఏడాదిలో మొదటిసారిగా.

ఎల్లవ్వ వచ్చి అతని వీపు మీద చేయి వేసింది. "లే కొడుకా. ఇగ చాలు. ఇగ వాణ్ని పోనీ," అంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. వనిత కూడా ఏడ్చింది. అక్కడ ఏడవనివాళ్లు లేరు.

దివాకర్ లేచి ముఖం తుడుచుకున్నాడు. "కొట్టు కాకా," అన్నాడు. డప్పు మోగింది. ఎల్లవ్వను పట్టుకుని దాని వెనకే నడిచాడు. వణుకు పోలేదు, కానీ నడిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు వనిత అతనితో కలిసి నడిచింది. "నేను గదిలకు రాకపోవుడు నీ మీద ఇష్టం లేక కాదు," అంది. "ఇష్టం ఉన్నందుకు. నేను ఉంటె నీకు నయం కాదని మేడం చెప్పింది. కారణం చెప్పొద్దన్నది. నువ్వు మూలకు కూసున్నవంటె నా పానం పోయినంత పనైంది."

అతను దారి మధ్యలో ఆగిపోయాడు. "గీ ముచ్చట అప్పుడే చెప్తె ఏం పోతుండె?"

"నువ్వు ఈ దినం ఈడ జలపతి కోసం కాకుంట నా కోసం నిలబడుతుండె."

అతను తలూపి మళ్లీ నడిచాడు. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు కూడ కాదు. మేడం రెండేండ్లు ఆగుమన్నది. కలుసుడు లేదు, ఫోన్ లేదు. నువ్వు నా పేషెంటువన్న సంగతి ఇద్దరం మర్సిపోవాలె. అప్పటికి కూడ గిదే మనసుంటె, గది పుస్తకంల ఉన్నది కాదు."

"రెండేండ్లల్ల తెలంగాణ కూడ అచ్చేటట్టున్నది."

"రానీ. రెండు కలిసస్తయి." వనిత చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఇంకొకటి. మా బాపును కాకా అంటున్నవ్. గట్ల పిలిస్తె నేను నీకు చెల్లెనైత."

దివాకర్ ముందు నడుస్తున్న నర్సయ్యను చూశాడు. "మామా," అని గట్టిగా పిలిచాడు. నర్సయ్య వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి, వినబడనట్టు ముందుకు పోయాడు.

మాట మాటే. ఇద్దరూ కలవలేదు, ఫోన్ చేసుకోలేదు. దివాకర్ కోరుట్లలో చిన్న బట్టల దుకాణం పెట్టుకున్నాడు. వనిత మేడం దగ్గర శిక్షణ ముగించి వేములవాడలో కౌన్సెలర్‌గా చేరింది. మంచి సంబంధాలు వచ్చినప్పుడల్లా ఇంట్లో గొడవే. ఒక్కోసారి అతను మరిచిపోయాడేమోనని భయపడేది. భయపడినా మాట తప్పలేదు.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో, సిరిసిల్లలో వీధి వీధినా జనం ఆడుతున్న రోజుల్లో, సారయ్య, దివాకర్ నర్సయ్య ఇంటికి వచ్చారు. దివాకర్ వాకిట్లోకి రాగానే వనిత తలుపు వెనక నుంచి చూసింది. అతను చిక్కిపోయాడు. నున్నగా దువ్వుకోవడం మానేశాడు. ఆమెను వెతుక్కుంటున్న కళ్లు మాత్రం అవే.

"ఇది డప్పు మోగే ఇల్లు," అన్నాడు నర్సయ్య. "తట్టుకుంటవా?"

"ఇప్పటికి కూడ ఒక్కోపారి గుండె దడ అస్తది మామా. అచ్చినా తట్టుకుంట. అస్తదని దాసిపెట్టను."

నర్సయ్య తలూపాడు. ఇక మాట్లాడాల్సింది సారయ్య. ఆయన మంచం అంచున కూర్చుని నేలను చూస్తున్నాడు. తరతరాలుగా ఆయన ఇంటివాళ్లు మాదిగవాడ వాళ్లకు తాకకుండా ఎత్తు నుంచే కల్లు పోశారు. ఆయన బుద్ధెరిగాక ఆ వాడలో గుక్కెడు నీళ్లు తాగి ఎరగడు. ఆయన కాదంటే దివాకర్ తండ్రిని విడిచి రాలేడని వనితకు తెలుసు. ఆమె తలుపు చెక్క పట్టుకుని ఎదురుచూసింది.

"మా కులపోళ్లు మాట్లాడుతరు," అన్నాడు సారయ్య చివరికి. "మాట్లాడనీ. నా కొడుకు నోట మాట బందైనప్పుడు ఒక్కడు మా ఇంటికచ్చి మాట్లాడలె."

తలెత్తి తలుపు వైపు చూశాడు. "బిడ్డా, దూపైతుంది. మంచినీళ్లియ్యి."

వనిత చెంబుతో తెచ్చింది. సారయ్య అందుకుని, చెంబు పెదవులకు ఆనించుకుని తాగాడు. సగం తాగి నర్సయ్యకు అందించాడు. నర్సయ్య ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మిగిలిన నీళ్లు తాగాడు.